అన్నా జేగర్స్: కాగితాల కోసం పరుగు, చివరికి మౌనం

హోస్ట్: అక్కా, ఈ వారం జర్మన్ నవలా రచయిత్రి అన్నా జేగర్స్ గురించి మాట్లాడదామన్నారు. ఎవరావిడ?

అతిథి: అసలు పేరు నెట్టీ రైలింగ్. 1900లో మైన్జ్‌లో, యూదు కుటుంబంలో పుట్టింది. 1928లో కమ్యూనిస్టు పార్టీలో చేరింది. యూదురాలు, పైగా కమ్యూనిస్టు! 1933లో హిట్లర్ వచ్చాక బతకనిస్తారా? పారిస్ వెళ్లిపోయింది.

హోస్ట్: 1940లో పారిస్ కూడా నాజీల చేతికి పోయింది కదా.

అతిథి: అవును. అప్పటికి భర్త ఫ్రాన్స్‌లోనే నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆవిడే దక్షిణానికి చేరింది. ఇక మార్సెయ్ రేవులో కాగితాల కోసం పరుగు. వెళ్లే దేశం వీసా, దారిలో దేశాల ట్రాన్సిట్ వీసాలు, ఫ్రాన్స్ వదలడానికి అనుమతి, ఓడ టికెట్. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకోదానికి గడువు తీరిపోయేది. ఆవిడ రాసిన 'ట్రాన్సిట్' నవల నిండా ఆ టెన్షనే. వీసా ఆఫీసు వరసలో మనిషి తన పేరు తనే మర్చిపోయేంతగా ఎలా అలిసిపోతాడో అంత బాగా రాసినవాళ్లు నాకు ఇంకెవరూ తెలీదు.

హోస్ట్: చివరికి ఓడ దొరికిందా?

అతిథి: 1941లో. అదే ఓడలో ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త క్లాడ్ లెవీ స్ట్రాస్ కూడా ఉన్నాడు. అమెరికా రానివ్వలేదు, మెక్సికో రానిచ్చింది. మరుసటి ఏడాది ఆవిడ నవల 'ఏడో శిలువ' అచ్చయింది. నాజీ నిర్బంధ శిబిరం నుంచి ఏడుగురు తప్పించుకుంటే ఒక్కడే బయటపడతాడు. వాడికి తలుపు తీయాలా వద్దా అని మామూలు మనుషులు పడే మథనమే ఆ నవల. హాలీవుడ్ సినిమా కూడా తీసింది. కానీ ఆ 1942లోనే వాళ్లమ్మని నాజీలు మైన్జ్ నుంచి పోలండ్‌కి తరలించారు. ఆవిడ మళ్లీ తిరిగి రాలేదు.

హోస్ట్: యుద్ధమయ్యాక జర్మనీ వెళ్లిందా?

అతిథి: 1947లో బెర్లిన్‌కి. తర్వాత తూర్పు జర్మనీ రచయితల సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షురాలు. నాకు బాధ కలిగించేది ఇక్కడే. మెక్సికోలో 'ఏడో శిలువ'ను జర్మన్‌లో ప్రచురించిన సంస్థను నడిపింది వాల్టర్ యాంకా. 1957లో తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వమే యాంకాని బోనెక్కించింది. ఈవిడ కోర్టు హాల్లోనే కూర్చుంది, నోరు విప్పలేదు. యాంకాకి అయిదేళ్ల శిక్ష పడింది.

హోస్ట్: అయినా చదవమంటారా?

అతిథి: తప్పకుండా. ముందు 'ట్రాన్సిట్' చదవండి.