రెండు ఎడమ రెక్కలు

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ మాటలు మీరు రేడియోలో వింటున్నారు కాబట్టి రేడియోతోనే మొదలుపెడతాను. మీ ఇంట్లోని ఎఫ్.ఎం. రేడియోకు చేరే తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. అంటే ఒక చిన్న గది వెడల్పంత. నేనూ మా మేనకోడలూ కలిసి చేసిన చిన్న విమానానికి చేరే తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు. ఒకటి పాటను మోసుకొస్తే, ఇంకొకటి ‘ఎడమకు తిరుగు, పైకి లెయ్’ అనే ఆజ్ఞను మోసుకుపోతుంది. అంతే తేడా. ఆ ఆజ్ఞలు పంపే ట్రాన్స్‌మిటర్ పెట్టె మీద 2.4 గిగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది. మన ఇళ్లలో వైఫై కూడా ఆ పట్టీలో నడుస్తుంది. తరంగం అంత పొట్టిది కాబట్టి విమానం లోపల ఉండే రిసీవర్ యాంటెన్నా కొస 3 సెంటీమీటర్ల పైచిలుకు, అగ్గిపుల్ల కంటే చిన్నది. ఆ కొసను మడిచి బ్యాటరీ కిందకు దోపేశామో, విమానం చెవుల్లో దూది పెట్టినట్టే.

నేను అనంతపురంలో లెక్కల మాస్టరుని. చెక్కపని నాకు రాదు. మా బావ బెంగళూరు పోయినప్పుడు కూతురి కోసమని ఒక పొడుగాటి అట్టపెట్టె తెచ్చాడు. తెచ్చిన మనిషి మళ్లీ ఆ పక్కకు చూడలేదు. తొమ్మిదో తరగతి చదివే మేనకోడలు ఆ పెట్టెను చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. ఎత్తి చూస్తే ఖాళీ పెట్టేమో అనిపించింది. తెరిస్తే లేజర్‌తో కోసిన పల్చటి చెక్క పలకలు, నాలుగు మూలల సన్న పుల్లలు, కొన్ని ప్లైవుడ్ ముక్కలు, రెండు చక్రాలు, చాపలా చుట్టిన ఒక పెద్ద డ్రాయింగు. మోటారు, బ్యాటరీ, రెక్కా తోకల మీది పలకలను కదిపే సర్వోలనే బుల్లి యంత్రాలు, చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్ వేరే కొనుక్కోవాలి. పూర్తయితే రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 120 సెంటీమీటర్లు. అన్నీ కలిపి 900 గ్రాములు దాటకూడదని డ్రాయింగు మీద ఒక మూల రాసుంది. ఆ సంఖ్యను నేను పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత రెండు నెలలు అదే నన్ను పట్టుకుంది.

మా వీధి చివర ఒక వడ్రంగి అన్న ఉన్నాడు. ఒక పలక తీసుకుపోయి చూపించాను. గోటితో నొక్కాడు, గోటి గుర్తు లోపలికి దిగిపోయింది. ‘ఇది కొయ్యనా సార్, బెండా?’ అన్నాడు. ఆయన అనుమానం న్యాయమైనదే. జీలుగు బెండు పట్టుకున్నట్టే ఉంటుంది. 3 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవున్న పలక 40 గ్రాములు తూగింది. అదే కొలతల టేకు పలక సుమారు 200 గ్రాములు ఉంటుంది. దీన్ని బాల్సా అంటారు, దక్షిణ అమెరికాలో ఈక్వడార్ దేశం నుంచి ఎక్కువగా వస్తుంది, నాటిన ఐదారేళ్లకే కోతకొస్తుంది అని చెప్పాను. పెద్దగా నమ్మలేదు. మన బూరుగు చెట్టుకు చుట్టం అన్నాక నమ్మాడు. నిజంగానే రెండూ ఒకే కుటుంబం చెట్లు. దాని కాయలోనూ బూరుగులాగే దూది ఉంటుంది.

ఈ బెండులాంటి కొయ్య చిన్నపనులకే పనికొస్తుందనుకోకండి. 1947లో థోర్ హెయెర్డాల్ అనే నార్వే దేశస్థుడు బాల్సా దుంగలు కట్టిన తెప్ప మీద పెరూ నుంచి బయల్దేరి 101 రోజులు పసిఫిక్ సముద్రంలో ప్రయాణం చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండువాళ్ల మస్కిటో అనే యుద్ధ విమానం మొండెం రెండు ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి చేసిందే. మనకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. ఉరవకొండ దిక్కు పోతే కొండల మీద తిరుగుతూ కనిపిస్తాయే గాలిమరలు, అలాంటి మరల రెక్కల్లో చాలావాటికి లోపలి పొరగా బాల్సానే వాడతారు. ఆ మాట చెప్పాక వడ్రంగి అన్న ఆ పలకను ఇంకోసారి చేతిలోకి తీసుకుని, ఈసారి గోరు ఆనించకుండా చూశాడు.

ఇక కట్టడం. రెక్క ఎట్లా ఉంటుందో పల్లెలో మట్టిమిద్దె చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. పొడుగునా దూలంలాగా ఒక పుల్ల, దాన్ని స్పార్ అంటారు. దాని మీద అడ్డంగా వాసాల్లాగా వరసగా రిబ్బులు. నోటీసు బోర్డుకు వాడే మెత్తటి పలక మీద డ్రాయింగు పరిచి, జిగురు అంటుకోకుండా పైన పాలిథిన్ కాగితం వేసి, గీతల మీదనే పుల్లలు పెట్టి గుండుసూదులతో బిగించాలి. అంటే బొమ్మ మీదనే ఇల్లు కట్టడం. కాగితం మీద గీత వంకరైతే రెక్క వంకర. కింద బల్ల ఒకవైపు పొంగి ఉన్నా రెక్క మెలి తిరుగుతుంది. జిగురు ఆరాక ఆ మెలిని తీయడం బ్రహ్మతరం కాదు.

జిగురు దగ్గర మేం పడిన తిప్పలు ఇంతా అంతా కాదు. వెంటనే పట్టే జిగురు, మనం ఫెవిక్విక్ అంటామే ఆ జాతిది, గాలిలోని తేమ తగిలితేనే గట్టిపడుతుంది. మన అనంతపురం గాలిలో తేమ ఎంతో మీకు నేను చెప్పాలా? సీసా మీద రాసిన సెకన్లు అయిపోయేవి, అది మాత్రం పట్టేది కాదు. పట్టలేదని ఇంకో చుక్క, ఆపైన ఇంకో చుక్క. చివరికి మేనకోడలే కనిపెట్టింది, అతుకు మీద నోటితో హా అని ఊదితే పట్టుకుంటోందని. ఊపిరిలో తేమ ఉంటుంది కదా. ఆ తర్వాత ఇంట్లో మా ఇద్దరినీ చూసినవాళ్లు చెక్కకు మంత్రం వేస్తున్నారనుకునేవాళ్లు. కానీ అప్పటికే మొదటి రెక్క అతుకుల దగ్గర జిగురు ముద్దలు ముద్దలుగా ఆరిపోయి ఉంది.

రెక్క రెండు ముక్కలుగా వస్తుంది. మధ్యలో ప్లైవుడ్ నాలుక ఒకటి రెండింటినీ కలుపుతుంది. ఒక ముక్క అయిపోయింది. అదే డ్రాయింగు మీద ఇంకో ముక్క కూడా, వారం రోజులు కూర్చుని, ఈసారి జిగురు పొదుపుగా వేసి కట్టేశాం. ఆదివారం పొద్దున రెండింటినీ నేల మీద పెట్టి జోడిద్దామని చూస్తే జోడు కుదరలేదు. ఒకటి పైకి చూస్తే ఇంకొకటి కిందికి చూస్తోంది. దాన్ని తిప్పితే ముందు ఉండాల్సింది వెనక్కు పోతోంది. పాప నెమ్మదిగా అంది: ‘మామా, రెండూ ఎడమ రెక్కలే.’

లెక్కల మాస్టరుని. అద్దంలో ప్రతిబింబం పాఠం ఏటా చెప్తాను. డ్రాయింగులో సగం రెక్కే వేసి, రెండో సగం దానికి అద్దంలో బొమ్మలా చేసుకోమని సన్న అక్షరాల్లో రాసుంటే చదవలేదు. రెండు ఎడమ చెప్పులు కొనుక్కొచ్చినవాడిలా కూర్చుండిపోయాను. వడ్రంగి అన్న వచ్చి చూసి కాసేపు నవ్వుకున్నాడు. తర్వాత ‘పారెయ్యాకు సార్, అటక మీద పెట్టు. కొయ్య ఊరికే పోదు’ అన్నాడు. ఒక ఉపాయం కూడా చెప్పాడు. డ్రాయింగు కాగితాన్ని వెనక్కు తిప్పి నూనె పూస్తే గీతలు అవతలి పక్క కనిపిస్తాయి. ఇంట్లో ఉన్న శెనక్కాయ నూనె దూదితో రుద్దాం. గీతలన్నీ తేలిపోయాయి. ఇంటినిండా వంట వాసన. కొత్త పలక తెప్పించి, పాత రిబ్బును అచ్చుగా పెట్టుకుని కోసి, వారంలో కుడి రెక్క తయారు చేశాం. రెండు ఎడమ రెక్కల్లో బరువు తక్కువున్నది విమానానికి, జిగురు ముద్దలున్న మొదటిది అటకకు.

రెక్కకు తొడుగు వేసేది మాత్రం నిజంగా ముచ్చటైన పని. పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము పరిచి, ఇస్త్రీపెట్టెతో అంచుల్లో అతికించి, మధ్యలో వేడి చూపిస్తే అది బిగుసుకుని డోలు చర్మంలా ఠంగుమంటుంది. మాది ఎర్ర ఫిల్ము. సాయంత్రం కిటికీకి అడ్డంగా పట్టుకుంటే లోపలి రిబ్బులన్నీ నీడలుగా కనిపించాయి. నిమ్మలకుంట తోలుబొమ్మ వెనక దీపం పెట్టినట్టుంది అంది మా అక్క. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఒక్క సంగతి: ఇలాంటి విమానాన్ని మన ఎండలో కారులో వదిలితే ఫిల్ము ముడతలు పడుతుంది. బ్యాటరీని వదిలితే ముడతలతో పోదు, మంట పుట్టొచ్చు. ఛార్జింగ్ పెట్టినప్పుడు కూడా బండ మీదే పెట్టాలి, పక్కనే మనిషి ఉండాలి.

అన్నీ బిగించి తూకం వేస్తే 960 గ్రాములు. అరవై ఎక్కువ. ఎక్కువైనా ఎగురుతుంది, కాస్త వేగంగా పోవాలి అంతే. అసలు ప్రమాదం ఆ బరువు ఎక్కడుందన్నదే. మా విమానం రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు. ముందు అంచు నుంచి ఐదున్నర సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ల మీద నిలబెడితే తక్కెడలా సమంగా నిలవాలి. మాది తోక మీద కూలబడింది. తోక దగ్గర జిగురు, ఫిల్ము ధారాళంగా వాడాం. తోక ఆ వేళ్ల నుంచి 60 సెంటీమీటర్ల దూరం, ముక్కు 20 సెంటీమీటర్లు. అంటే తోకలో ఒక గ్రాము ఎక్కువైతే ముక్కులో మూడు గ్రాములు కలపాలి. తోక బరువుగా ఉన్న విమానం ముక్కెత్తుకుని పైకి లేచి, వేగం చచ్చి, కూలుతుంది. బ్యాటరీని వీలైనంత ముందుకు జరిపాం. ఇంకా చాలలేదు. టైర్ల షాపుకు పోయి చక్రాల బ్యాలెన్సింగ్‌కు అతికించే 5 గ్రాముల బిళ్లలు అడిగితే, ఏం కారు సార్ అన్నాడు. విమానం అన్నాను. డబ్బులు తీసుకోలేదు.

కంప్యూటరులో విమానం నడిపే ఆటతో మూడు వారాలు చేతులు అలవాటు చేసుకున్నాం. అందులో ఎన్నిసార్లు కూలినా ఖర్చు లేదు. ఎగరేసే చోటు గురించి ఒక మాట. డ్రోన్లకు సంబంధించి 2021లో వచ్చిన నిబంధనలున్నాయి. పుట్టపర్తి, కడప, ఓర్వకల్లు లాంటి విమానాశ్రయాల దగ్గర మన ఇష్టం వచ్చినట్టు ఎగరేయడానికి లేదు. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైటు మ్యాపులో ఏ ప్రాంతం ఏ రంగులో ఉందో చూసుకోవాలి. ఆకుపచ్చ రంగులో కూడా 400 అడుగుల ఎత్తు లోపే. మనుషులున్న చోట వద్దే వద్దు. తిరిగే ప్రొపెల్లరు వేలిని తెంపగలదు.

శెనక్కాయ పీకేసిన చేను ఒకటి తెలిసిన రైతు చూపించాడు. ఆషాఢం గాలిలో అయితే మా విమానం అదే వెనక్కు పోయేది. కార్తీకంలో పొద్దున ఆరున్నరకు మట్టి కూడా లేవని ప్రశాంతం. ట్రాన్స్‌మిటర్ శక్తి తగ్గించి ముప్పై అంగలు వెనక్కు నడిచి, రెక్కల వెనక అంచున కదిలే తలుపులు మాట వింటున్నాయా అని చూశాం. ట్రాన్స్‌మిటర్ మీది కర్ర కుడికి నొక్కితే కుడి తలుపు పైకి లేవాలి. ఇది తిరగబడి ఉంటే నేల విడిచిన మూడో సెకనుకే కథ ముగుస్తుంది. రైతు గట్టు మీద నిలబడి ‘ఇది ఎగురుతాదా?’ అన్నాడు. పాప పరిగెత్తి చేత్తో వదిలింది. ఎగిరింది. ఏడు నిమిషాలు. దిగాక నా అరచేతులు తడిసిపోయి ఉన్నాయి.

మూడో ఆదివారం కూలింది. అది మన నుంచి దూరంగా పోతున్నంతసేపు దాని కుడే మన కుడి. మన వైపు తిరిగిందంటే దాని కుడి మన ఎడమవుతుంది. ఎండ కళ్లలో పడుతోంది, రెక్క ఒక పక్కకు వాలింది, ఏ పక్కకో పోల్చుకోలేకపోయాను. తప్పుడు వైపు నొక్కాను. నేరుగా పోయి సర్కారు కంపలో పడింది. కంపలోంచి తీస్తే ఎడమ రెక్కలో దూలం రెండు ముక్కలు, నాలుగు రిబ్బులు పొడి. మిగతా ఒళ్లంతా గీతలే తప్ప బాగానే ఉంది.

పాప ఏడవలేదు. ఇంటికొచ్చి నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది.

ప్లైవుడ్ నాలుక సరిగ్గా దూరింది. తొడుగు వేద్దామంటే ఎర్ర ఫిల్ము అయిపోయింది, పసుపు ఉంది. పసుపే వేశాం. జిగురు ముద్దల రెక్క కదా, అవతలి దానికంటే 14 గ్రాములు ఎక్కువ తూగింది. ఆ ఎక్కువ బరువు ఎడమ ముక్క మధ్యలో ఉన్నట్టు లెక్క వేసుకుంటే, కుడి రెక్క కొసన అందులో సగం, 7 గ్రాములు పెడితే చాలు. బిళ్ల ఒకటి, కత్తెరతో కోసిన ఇంకో ముక్క. ఆ తర్వాతి ఆదివారం మళ్లీ చేనికి పోయాం. విమానం మలుపు తిరిగి మా వైపు వస్తోంది, నా వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి.

‘పసుపు కిందికి వాలింది మామా,’ అంది పక్క నుంచి.

పసుపంటే ఎడమ. కర్ర కుడికి నొక్కాను.


నమస్కారం.