బరువు సరే, ఆ బరువులో ఏముంది?

(తిరుపతిలో తల్లులు, అంగన్‌వాడీ కార్యకర్తల ముందు చేసిన ప్రసంగం)

అమ్మలకీ, అవ్వలకీ, అంగన్‌వాడీ అక్కలకీ నమస్కారం.

మన తిరుపతిలో ఏ కాన్పు వార్డుకి పోయినా, పాపా బాబా అని అడిగాక వచ్చే తర్వాతి ప్రశ్న "ఎన్ని కిలోలు?" అనే. రెండున్నర కిలోల కంటే తక్కువ అంటే ఇల్లంతా టెన్షన్. టెన్షన్ పడటం తప్పు కాదు, దేశంలో దాదాపు ఐదుగురిలో ఒక బిడ్డ అట్లాగే పుడుతోంది. అయితే ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత అని అడిగేవాళ్లు లేరు. ఈ రోజు నేను చెప్పదలుచుకుంది దాని గురించే.

1990ల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డల్ని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చి చూసింది. అక్కడ సగటు మూడున్నర కిలోలు, ఇక్కడ 2.7. మన బిడ్డల చేతులు సన్నం, పొట్ట చిన్నది, కానీ వీపు మీద భుజం ఎముక కింద చర్మాన్ని మడత పట్టి కొలిస్తే, చర్మం కింది కొవ్వుని చూపే ఆ మడత మందం మాత్రం పెద్దగా తగ్గలేదు. అంటే చూడ్డానికి బక్కపలచన, లోపల తగ్గింది కండే. కడుపులో ఉన్నప్పుడు తిండి చాలకపోతే ఒళ్లు ముందు మెదడుని కాపాడుకుంటుంది, కోత కండకి పడుతుంది, పైగా కండ పోగుల సంఖ్య చాలావరకు పుట్టేలోపే తేలిపోతుంది. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండ కాబట్టి, పెద్దయ్యాక షుగర్ భయం కూడా ఇక్కడే మొదలవుతుంది.

మరి తక్కువ బరువుతో పుట్టిన అబ్బోడిని గబగబా బొద్దుగా చేసేస్తే సరిపోతుందా? అది ఏ వయసులో అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఢిల్లీలో 1969 నుంచి 1972 మధ్య పుట్టినవాళ్లని పెద్దయ్యేదాకా గమనించారు. పుట్టినప్పటి బరువు, పసితనంలో పెరిగిన బరువు ఎక్కువగా కండతో ముడిపడ్డాయి, బడి వయసు దాటుతుండగా ఎత్తుని మించి పెరిగిన బరువు మాత్రం కొవ్వుతో. అందుకే మొదటి రెండేళ్లలో బిడ్డ బరువు పెరుగుతుంటే భయపడకండి. ఆరు నెలలదాకా తల్లిపాలే, ఆ తర్వాత పాలతో పాటు మెత్తటి రాగి సంగటి, పప్పు, గుడ్డు. అవ్వలకి దండం పెట్టి చెబుతున్నా, ఐదేళ్ల మనవడు సన్నగా ఉన్నాడని బిస్కెట్లు, చక్కెర కలిపిన పొడుల పాలు పోసి పోసి లావు చేయకండమ్మా! ఆ లావు కండ కాదు. శెనక్కాయల ఊరిబిండితో సంగటి ముద్ద పెట్టి, సాయంత్రం వీధిలో ఆడుకోనివ్వండి. అక్కలూ, కార్డులో బరువుతో పాటు ఎత్తు కూడా తప్పకుండా రాయండి, ఎత్తు పెరగకుండా బరువే పెరుగుతుంటే అప్పుడే తల్లిని పిలిచి మాట్లాడండి.

మీ పని చిన్నది కాదు. 1987–90లో హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అంగన్‌వాడీ ద్వారా ఉప్మా పెట్టారు, ఆ పిల్లల్ని టీనేజీలో చూస్తే కాస్త పొడుగు ఎక్కువ, ఇన్సులిన్ పనితీరు మెరుగు, కొవ్వేమో పెరగలేదు.

ఇంకొక్క మాట. నాలుగు కిలోల బిడ్డ పుడితే సంబరపడతాం, కానీ తల్లికి షుగర్ ఉండి అంత బరువొస్తే అందులో కొవ్వు వాటా ఎక్కువ. మైసూరులో అలాంటి తల్లుల పిల్లల్ని గమనిస్తే బడి వయసులోనూ ఆ తేడా కనిపించింది. గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే పరీక్ష గర్భం తెలిసిన మొదట్లో ఒకసారి, ఆరో నెలలో మళ్లీ ఒకసారి చేయించుకోవాలి. ఇక్కడ కడుపుతో ఉన్నవాళ్లలో ఎవరికైనా అది ఇంకా కాకపోతే, వెళ్లేముందు మీ అక్కకి పేరు రాయించండి.