పెద్ద లేని కొలువు

సభకు నమస్కారం. నక్షా గీసేవారు, పనులు పురమాయించేవారు ఎవరూ లేనిచోట ఒక అంతస్తుపై మరో అంతస్తు ఎలా లేస్తుందన్నది ఈనాటి ప్రసంగ విషయం. ఇందుకు నేను ఎంచుకున్న ఉదాహరణ, అడవి నేలలో రాలిన ఆకుల కింద బతికే డిక్టియోస్టీలియం అనే అమీబా.

తినడానికి బాక్టీరియా దొరికినంతకాలం ఈ అమీబాలు దేనికది విడిగా మేస్తాయి. కరువు వచ్చినప్పుడు కొన్ని కణాలు సైక్లిక్ ఏఎమ్‌పీ అనే రసాయనాన్ని వదులుతాయి. దాన్ని పసిగట్టిన పొరుగు కణం అది వచ్చిన వైపు జరుగుతూ, తానూ మరికొంత వదిలి, ఆపైన కాసేపు ఏ కబురూ చెవికెక్కించుకోదు. ఈ తాత్కాలిక చెవుడు లేకపోతే కబురు వచ్చిన దారినే వెనక్కి మళ్లేది. సుమారు 6 నిమిషాలకొకటిగా అలలు బయటికి సాగుతుంటే, కణాలు వాటికి ఎదురుగా లోపలికి చేరుతుంటాయి. పెట్రీ పళ్లెంలో ఆ అలలు మెలికల ముగ్గులా కనిపిస్తాయి.

నడుమ ఒక నాయక కణం కూర్చుని మిగతావాటిని పిలుస్తుందన్న ఊహ ఒకప్పుడు బలంగా ఉండేది. పెద్ద లేనిదే ఇల్లు నడవదన్న నమ్మకం ప్రయోగశాలలోకీ ఇట్టే దూరుతుంది మరి! అలాంటి పెద్ద అక్కర్లేదని, అంతటా ఒకేలా పరచుకున్న కణాల స్థితే ఒక హద్దు దాటాక నిలకడ తప్పి గుంపులు కడుతుందని 1970లో ఎవెలిన్ ఫాక్స్ కెల్లర్, లీ సీగెల్ గణితంతో చూపారు.

అలా చేరిన కణాలు, ఒక్కోసారి లక్ష వరకు, జిగురు తొడుగులో ఒకే ప్రాణిలా పాకుతాయి. చివరికి వాటిలో దాదాపు ఐదో వంతు కాడగా మారి చనిపోతాయి. మిగిలినవి కాడ కొసన సిద్ధబీజాలవుతాయి. విడిగా మేసే అమీబాకు కాడ, కొస అన్న మాటలే వర్తించవు. అవి కణాలు కలిసి కట్టిన పై అంతస్తు మాటలు.

ఇలా అంతస్తులుగా లేవడంలోని లాభం చూపేందుకు 1962లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ వెయ్యి భాగాల గడియారాలు బిగించే ఇద్దరి కథ చెప్పాడు. మధ్యలో లేస్తే ఒకడి పని మొత్తం ఊడిపోతుంది. పదేసి భాగాలను ముందే గట్టి ముక్కలుగా చేసుకునే రెండోవాడికి ఆ చేతిలోని ముక్కే పోతుంది. సగటున వంద భాగాలు చేర్చేసరికి ఒకసారి అంతరాయం కలిగితే, మొదటివాడికి సుమారు 4,000 రెట్లు ఎక్కువ కాలం పడుతుందని సైమన్ లెక్క. కింది మెట్టు తనంతట తాను నిలబడగలిగితేనే పై మెట్టు లేస్తుందన్న మాట. మన అమీబాలో ఆ నిలకడ కళ్లారా చూడవచ్చు: పాకే ముద్దను చెదరగొట్టి బాక్టీరియా ఉన్న పళ్లెంలో వేస్తే, ఆ కణాలు మళ్లీ దేనికది మేతకు దిగుతాయి.