పిల్లల చరిత్ర పుస్తకానికి మిరపకాయ పరీక్ష

[దృశ్యం: విజయవాడ, లెనిన్ సెంటర్. వరసగా పాత పుస్తకాల కొట్లు. నా ఒక చేతిలో పిల్లల పుస్తకం, ఇంకో చేతిలో ఎండుమిరపకాయ.]

నమస్కారం. ఈ పుస్తకం పోయిన జనవరిలో బుక్ ఫెస్టివల్లో కొన్నాను, మా అక్క కూతురి కోసం. ఐదో తరగతి చదువుతోంది, ఉండేది గుంటూరు. పల్నాటి యుద్ధం కథ. రంగుల బొమ్మలు, దళసరి కాగితం, ధర కూడా బాగానే వేశారు. పేరు మాత్రం చెప్పను. ఈ తప్పు చేసింది ఇదొక్కటే కాదు కాబట్టి.

[దృశ్యం: పుస్తకంలో ఒక పేజీ, దగ్గరగా.]

ఇదిగో, బ్రహ్మనాయుడి చాపకూడు. కులం గిలం చూడకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తినడం. బొమ్మ ముచ్చటగా వేశారు. విస్తట్లో అన్నం, పప్పు, పక్కన ఎర్రగా నిగనిగలాడుతూ పండుమిరప పచ్చడి.

గుంటూరు పిల్ల కదా, చూపు పచ్చడి దగ్గరే ఆగింది. "మామయ్యా, వాళ్లు కూడా మన మిరపకాయలే తినేవాళ్లా?" అని అడిగింది.

తినలేదమ్మా. తినడానికి అప్పటికి ఇక్కడ మిరపకాయే లేదు.

[దృశ్యం: గుంటూరు మిర్చి యార్డు. కొండల్లా ఎర్రటి రాశులు, టిక్కీలు మోస్తున్న హమాలీలు.]

ఇంత పెద్ద మిర్చి యార్డు ఉన్న ఊరికి ఈ మాట అంత తేలిగ్గా మింగుడుపడదు. కానీ మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. వాస్కో డ గామా కోళికోడ్ దగ్గర దిగింది 1498లో. ఆ తర్వాతే పోర్చుగీసు ఓడల వెంట మిరప మన దేశానికి వచ్చింది. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం నాటిది. అంటే మన బొమ్మలో పచ్చడి మూడొందల ఏళ్లు తొందరపడి వడ్డించేశారు. అప్పట్లో నాలుక చుర్రుమనాలంటే మిరియాలు, అల్లం, పిప్పళ్లు, ఆవాలు. మిరపకాయ అన్న పేరు కూడా మిరియాన్ని చూసి పెట్టుకున్నదే.

అదే దారిలో వచ్చినవి ఇంకా ఉన్నాయి. టమాటా, బంగాళదుంప, జామ, బొప్పాయి, జీడిమామిడి. మన గుంటూరు పొగాకూ అంతే. కాబట్టి కాకతీయుల కాలంలో ఎవడైనా చుట్ట ముట్టించినా, రాజుగారు బంగాళదుంప వేపుడు కలుపుకున్నా, అక్కడ పుస్తకం మూసేసి వెల చూసుకోవచ్చు.

ఒక్క పచ్చడికి ఇంత గొడవా అంటారేమో. పచ్చడి గురించి నాకూ పెద్ద పట్టింపు లేదు. కాకపోతే వాళ్లేం తిన్నారో కనుక్కోని రచయిత, వాళ్లు ఏ దీపం కింద కూర్చున్నారో, ఎన్ని రోజులు నడిచి ఊరు చేరారో మాత్రం కనుక్కుని ఉంటాడా? చిన్నపిల్లలకు చరిత్ర అంటే ముందు ఇవే. సంవత్సరాలు తర్వాత వస్తాయి. అందుకే నేను పుస్తకం చేతిలోకి తీసుకోగానే తిండి ఉన్న పేజీ వెతుకుతాను. మా ఇంట్లో దీనికి మిరపకాయ పరీక్ష అని పేరు పడిపోయింది.

భాష సంగతి మాత్రం వేరు. "ఓయీ మంత్రివర్యా, ఏమి ఈ విపరీతము" అని రాస్తేనే పాతకాలం అనుకునేవాళ్లున్నారు. పిల్లలు రెండో పేజీలోనే పారిపోతారు. బాలచంద్రుడు మన పిల్లలకు అర్థమయ్యే తెలుగులో మాట్లాడితే కొంపేమీ మునగదు. చేతిలో టార్చిలైటు లేకపోతే చాలు.

[దృశ్యం: కారెంపూడి. నాగులేరు, వీరుల గుడి.]

పచ్చడి తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది. "ఇదంతా నిజంగా జరిగిందా?" దీనికి నా దగ్గర ఒక్కమాటలో జవాబు లేదు. మనకు దొరికే పల్నాటి వీరచరిత్ర శ్రీనాథుడిదని చెబుతారు. శ్రీనాథుడంటే యుద్ధానికి రెండొందల ఏళ్ల తర్వాతి మనిషి. ఆ కథను తరతరాలుగా పాడుతూ నిలబెట్టినవాళ్లు వీరవిద్యావంతులు. పాటలో వీరుడు ఏడడుగులు ఎగిరితే, మరుసటి తరంలో పది అడుగులు ఎగురుతాడు. అది పాట స్వభావం. యుద్ధం, కారెంపూడి, సవతి అన్నదమ్ముల మధ్య రాజ్యం తగువు ఒక ఎత్తు. కోడిపందెం రోజున నాగమ్మ ఏమంది, బ్రహ్మనాయుడు ఏమని బదులిచ్చాడు అన్నది ఇంకో ఎత్తు. ఆ మాటలు పక్కన కూర్చుని రాసుకున్నవాళ్లెవరూ లేరు.

మంచి పుస్తకం ఈ తేడాని దాచదు. చివర ఒక పేజీ కేటాయిస్తుంది. ఇవి మాకు తెలిసినవి, ఇవి పాటలో ఉన్నవి, ఇవి కథ కోసం మేం కల్పించినవి అని చెబుతుంది. మీరు కొనేముందు చివరి పేజీ తిప్పి చూడండి. అక్కడ ప్రచురణకర్త మిగతా పుస్తకాల ప్రకటన మాత్రమే ఉంటే, నేనైతే కాసేపు ఆలోచిస్తాను.

నాగమ్మ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. పిల్లల పుస్తకాల్లో ఆమెకు ఎప్పుడూ ముడిపడ్డ కనుబొమలే. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి మంత్రిగా రాజ్యం నడిపిందంటే అదే ఒక పుస్తకానికి సరిపోయే కథ. ఆమె వైపు నుంచి చెబితే ఈ యుద్ధం ఎలా ఉంటుందో చదవాలని నాకు చాలాకాలంగా ఆశ.

[దృశ్యం: అమరావతి ఫలకం బొమ్మ, పెద్దది చేసి.]

బొమ్మలంటే ఇది చూడండి. ఇది అమరావతి స్తూపానిది, దాదాపు 1,800 ఏళ్ల నాటి గుండ్రటి ఫలకం. ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఎడమవైపు నలగిరి అనే ఏనుగు మదమెక్కి రాజగృహం వీధిలో జనాన్ని తొక్కుతోంది. కుడివైపు మళ్లీ అదే ఏనుగు, బుద్ధుడి పాదాల దగ్గర వంగి ఉంది. రెండు క్షణాలు, ఒకే చట్రం. పైన మేడ కిటికీల్లోంచి తొంగిచూసే జనం. అప్పటి ఇల్లు, కిటికీ, కట్టు, నగ అన్నీ ఇందులోనే ఉన్నాయి. మన దగ్గర కామిక్స్ లేవని ఎవరన్నారు?

ఇంత సరుకు కళ్లెదుట పెట్టుకుని, శాతవాహన రాజుకు సినిమా కిరీటం పెట్టి, మీసం తిప్పించి బొమ్మ వేస్తారు. అది చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ రాళ్ల కథ కూడా పిల్లలకు డిటెక్టివ్ కథలా చెప్పొచ్చు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో ఊరు కట్టిస్తుంటే పనివాళ్లకు దిబ్బలో చెక్కిన రాళ్లు తగిలాయి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. తర్వాత తర్వాత రాళ్లు కొన్ని మద్రాసుకి, కొన్ని లండన్‌కి వెళ్లాయి. ఊళ్లో మ్యూజియంలో మిగిలినవి చూడ్డానికి గుంటూరు నుంచి ఒక్క పూట చాలు. పుస్తకం చదివిన వారంలోనే పిల్లల్ని తీసుకెళ్లండి.

[దృశ్యం: విజయవాడ బందరు రోడ్డు, బాపు మ్యూజియం పాత భవనం.]

ఇక స్వాతంత్ర్యోద్యమం పుస్తకాలు. వీటితో నాకు పాత తగాదా. పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, చిన్నప్పటి నుంచే సత్యసంధుడు, జైలు, మరణం. వ్యాసరచన పోటీకి పనికొస్తాయి, అంతే. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీగారికి జెండా నమూనా ఇచ్చాడన్న వాక్యం అన్నిట్లో ఉంటుంది. ఆ జనంలో, ఆ ఎండలో ఉన్న ఒక పదేళ్ల పిల్లాడు మాత్రం ఎందులోనూ కనపడడు.

అదే ఏడాది చీరాల, పేరాల ప్రజలు మున్సిపాలిటీ పన్నులు కట్టం అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందుండి నడిపించాడు. వేలాది మంది ఇళ్లకు తాళాలు వేసి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని నెలల తరబడి అక్కడే ఉన్నారు. ఊరు ఊరంతా అలిగి బయటికి వెళ్లిపోవడం! ఇది పిల్లల వైపు నుంచి ఆలోచించండి. బడి ఎక్కడ? వానొస్తే పుస్తకాలు ఎక్కడ పెట్టుకున్నారు? పెంపుడు పిల్లి పాకలో ఉందా, తాళం వేసిన ఇంటి గోడ మీదే కూర్చుందా? ఇదంతా పిల్లి కళ్లతో ఎవరైనా రాస్తే మొదటి కాపీ నాదే.

[దృశ్యం: మళ్లీ లెనిన్ సెంటర్. పుస్తకాలు తిరగేస్తున్న చేతులు.]

కొనే చోట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. జనవరిలో బుక్ ఫెస్టివల్ ఉంది, 1989 నుంచీ జరుగుతోంది. మిగతా రోజుల్లో ఏలూరు రోడ్డు, ఈ పాత కొట్లు. వయసు ఎంతని అట్ట మీద వేసింది నమ్మకండి. మధ్యలో ఒక పేజీ తీసి పిల్లకే ఇచ్చి పైకి చదవమనండి. ఎక్కడ తడబడిందో, ఎక్కడ తనంతట తనే పేజీ తిప్పిందో మీకే తెలుస్తుంది.

అన్నట్టు, ఈ స్క్రిప్ట్ ముందు మా మేనకోడలికి చూపించాను. మొదటి కాపీలో అమరావతి శిల్పి ఉలి పక్కన పెట్టి, చెట్టు నీడలో వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్నాడని ఒక సీను రాసుకున్నాను. ఎర్ర పెన్నుతో గీత కొట్టి, పక్కన "నువ్వులుండ" అని రాసిచ్చింది.