పులిపిరి చెప్పేది షుగర్ సంగతి, క్యాన్సర్ సంగతి కాదు!

మెడ మీద పులిపిర్లు లేచాయా? మీరు చేయించుకోవాల్సింది షుగర్ టెస్టు. క్యాన్సర్ మార్కర్ టెస్టు, అంటే క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే పదార్థాలను కొలిచే టెస్టు కాదు. మళ్ళీ చెబుతున్నా, షుగర్ టెస్టు!

ఆ రీల్స్ మీరూ చూసే ఉంటారు. "ఒంటి మీద పులిపిర్లు పెరుగుతున్నాయంటే లోపల గడ్డ ఉన్నట్టే, వెంటనే ట్యూమర్ మార్కర్ ప్యానెల్ చేయించండి" అని ఊదరగొడుతున్నారు. కిందనే ప్యాకేజీ రేటు. జనం భయపడి ల్యాబ్‌కి పరుగెడుతున్నారు. రిపోర్టులో ఏదో ఒక నంబరు పక్కన 'హై' అని నల్లగా కొట్టొచ్చినట్టు కనబడిందా, ఇక ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ ముద్ద దిగదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

మెడ చుట్టూ, చంకల్లో, గజ్జల్లో సన్నటి కాడతో మెత్తగా వేలాడుతుంటుంది చూడండి, దాన్ని డాక్టర్లు స్కిన్ ట్యాగ్ అంటారు. వేళ్ళ మీద గరుకుగా లేచేది వేరు, అది వైరస్ వల్ల వస్తుంది, అంటుకుంటుంది. బుగ్గల మీద నల్లగా ఆవగింజల్లా పొడుచుకొచ్చేవి ఇంకో రకం, చాలామందికి అమ్మానాన్నల నుంచే వస్తాయి, వాటితో ఏ హానీ లేదు. మనం మూడింటినీ పులిపిర్లు అనే అంటాం. గొడవంతా అక్కడ మొదలవుతుంది.

స్కిన్ ట్యాగ్ వెనకున్నది చాలాసార్లు ఇన్సులిన్. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే ప్యాంక్రియాస్ ఇంకా ఇంకా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ చర్మ కణాల మీదున్న ఎదుగుదల గ్రాహకాలను తట్టి లేపుతుంది. చర్మం అనవసరంగా పెరుగుతుంది. పులిపిరి వేలాడుతుంది, మెడ వెనక నల్లబడి మఖమల్ గుడ్డలా మందమవుతుంది. పిల్లల మెడని పీచు పెట్టి రుద్ది రుద్ది "ఈ మట్టి పోదేంట్రా" అని తిడతారు చూడండి, అది మట్టి కాదమ్మా! ఆ పిల్లాడికి కావాల్సింది సబ్బు కాదు, పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే టెస్టు). ఈ హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే షుగరు గుమ్మంలో నిలబడినట్టు. 6.5కి చేరినా, దాటినా లోపలికి వచ్చేసినట్టే, ఇంకోసారి చేసి ఖాయం చేస్తారు. పెద్దవాళ్ళయితే నడుం కూడా టేపు పెట్టి కొలవండి: మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు.

మినహాయింపు లేదా అంటే ఉంది. లావు లేని, వయసు పైబడిన మనిషికి కొద్ది నెలల్లోనే ఒళ్ళంతా దురదతో నల్లటి కాయలు లేచి, అరచేతులు మందమై, బరువు తగ్గిపోతుంటే డాక్టర్లు కడుపులో క్యాన్సర్ ఉందేమోనని అనుమానిస్తారు. కానీ అప్పుడు రాసేది ఎండోస్కోపీ, నోట్లోంచి సన్నటి కెమెరా పంపి చూసే పరీక్ష. అక్కడ కూడా మార్కర్ నార్మల్ వచ్చిందని వదిలేయకూడదు, ఎందుకంటే క్యాన్సర్ తొలి దశలో చాలామందికి మార్కర్ నార్మల్‌గానే ఉంటుంది!

ఇప్పుడు ఆ ప్యానెల్ లెక్క చూద్దాం. పెన్ను తీసుకోండి. ఏ టెస్టుకైనా నార్మల్ హద్దు ఎలా గీస్తారు? సాధారణంగా ఆరోగ్యంగా ఉన్న 100 మందిలో 95 మంది లోపల పడేట్టు. అంటే ఏ రోగం లేకుండానే 5 మంది బయట పడతారు. అలాంటి టెస్టులు ఆరు కలిపి, ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుని లెక్కవేయండి. 100 మంది ఆరోగ్యవంతుల్లో దాదాపు 26 మందికి కనీసం ఒకటి 'హై' వస్తుంది. నలుగురిలో ఒకరండీ! ఇది యంత్రం తప్పు కాదు, ప్యాకేజీ తప్పు.

ఆ ప్యానెల్‌లో ఉండే సీఈఏ అనే మార్కర్ సంగతి చూడండి. 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు దీన్ని పెద్దపేగు క్యాన్సర్‌లో కనిపెట్టారు. తర్వాత తేలింది ఏంటంటే సిగరెట్ తాగినా పెరుగుతుంది, లివర్ జబ్బులో పెరుగుతుంది, థైరాయిడ్ తగ్గినా పెరుగుతుంది. ప్యాంక్రియాస్ క్యాన్సర్‌కి చూసే మార్కర్ సీఏ 19-9, దాని హద్దు 37. పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వస్తే అది వందలు దాటేస్తుంది, రాయి తీస్తే దిగిపోతుంది. ఒవేరియన్ (అండాశయ) క్యాన్సర్‌కి చూసే మార్కర్ సీఏ 125, దాని హద్దు 35. నెలసరిలో పెరుగుతుంది, గర్భాశయం లోపొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లో పెరుగుతుంది, మన దేశంలో మరీ ముఖ్యంగా కడుపులో టీబీ ఉంటే వందల్లోకి పోతుంది. టీబీ మందులతో నయమయ్యే మనిషి క్యాన్సర్ అనుకుని ఆపరేషన్ బల్ల దాకా వెళ్ళిన సంగతులు వైద్య పత్రికల్లో ఎన్నో అచ్చయ్యాయి.

అమెరికాలో 78 వేల మంది ఆడవాళ్ళ మీద చేసిన పరీక్ష ఫలితం 2011లో వచ్చింది. అందులో సగం మందికి సీఏ 125, స్కానింగ్ చేశారు. ఒవేరియన్ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. తగ్గకపోగా 3,285 మందికి ఉత్తుత్తి అలారం మోగింది, వాళ్ళలో 1,080 మందికి ఆపరేషన్ చేశారు, 163 మందికి తీవ్రమైన ఇబ్బందులొచ్చాయి. క్యాన్సర్ లేని వాళ్ళకి!

చర్మానికి నిజంగా సంబంధమున్న మార్కర్ ఒకటుంది, ఎస్‌సీసీ యాంటిజెన్. దీన్ని మామూలు చర్మపు పై పొర కణాలే తయారు చేస్తాయి. అందుకే సోరియాసిస్, ఎగ్జిమా ఒళ్ళంతా ఉన్నవాళ్ళలో క్యాన్సర్ లేకుండానే పెరుగుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నా పెరుగుతుంది. ఇంకా ఉంది. శాంపిల్ ట్యూబు మూత తెరిచి గ్లవ్స్ లేకుండా లోపల వేలు తగిలినా, దాని మీద తుమ్మినా ఆ చర్మం, ఆ ఉమ్మి చాలు, నంబరు ఎగబాకుతుంది. అంటే రిపోర్టులో ఉన్నది టెక్నీషియన్ చర్మం కూడా కావచ్చు.

జుట్టు కోసం బయోటిన్ బిళ్ళలు వేసుకునేవాళ్ళు, ఇది మీకే. రోజుకి మనకి కావాల్సింది 30 మైక్రోగ్రాములు. కొన్ని బిళ్ళల్లో ఉండేది 10 మిల్లీగ్రాములు, అంటే 300 రెట్లకు పైనే. బయోటిన్‌తో పనిచేసే కిట్లలో మార్కర్లు దొంగగా తక్కువ చూపిస్తాయి, థైరాయిడ్ లెక్కలూ తారుమారవుతాయి. క్యాన్సర్‌కి చికిత్స అయి ఫాలోఅప్‌లో ఉన్నవాళ్ళకి ఇది ప్రాణాంతకమైన పొరపాటు. టెస్టుకి ఎన్ని రోజుల ముందు మానాలో డాక్టర్ని అడగండి, ల్యాబ్‌లో కూడా చెప్పండి.

ఫాలోఅప్ అన్నాను కదా, మార్కర్‌కి అసలు పని అదే. క్యాన్సర్ తేలిన మనిషికి ఆపరేషన్ ముందు ఎంత, తర్వాత ఎంత, మళ్ళీ పెరుగుతోందా అని చూడటం. అదీ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో. రిపోర్టు అడుగున పద్ధతి పేరు ఉంటుంది, సీఎల్ఐఏ అనో ఈసీఎల్ఐఏ అనో. అది మారితే నంబర్లు పోల్చకూడదు. ఇప్పటికే 'హై' వచ్చి కూర్చున్నారా? డాక్టరుకి చూపించి, లక్షణాలన్నీ చెప్పి, కొన్ని వారాలకి అక్కడే మళ్ళీ చేయించండి. అక్కడక్కడే ఉందా, తగ్గిందా, ఎక్కుతూ పోతోందా? చూడాల్సింది ఆ దారి.

శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్ళు నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అలవాటుంది, అడ్డ పొగ. అంగిలి మీద తెల్లమచ్చ, పుండు, తర్వాత క్యాన్సర్. ఆ మచ్చని ఏ మార్కరూ పట్టివ్వదు. నోరు తెరిచి టార్చ్ వేస్తే కనిపిస్తుంది! ఆ మచ్చని పట్టడానికి డబ్బులక్కర్లేదు, చూసే కన్ను కావాలి.

పులిపిరి తీయించుకోవాలంటే సున్నం, జీడి రసం దగ్గరికి పోకండి, చుట్టూ చర్మం కాలి మచ్చ మిగులుతుంది. వెంట్రుక బిగించి కడితే సగం కుళ్ళి చీము పట్టొచ్చు. షుగరున్న వాళ్ళకి అది ఇంకా ప్రమాదం. డాక్టరు అక్కడి వరకే మత్తు ఇచ్చి కత్తెరతో తీసేస్తారు, నిమిషాల పని. కానీ కాయ రంగు మారుతున్నా, రక్తం కారుతున్నా, పుండు మానకపోయినా, అరికాలి కింద నల్లమచ్చ పెద్దదవుతున్నా మొత్తం కరెంటుతో కాల్చేయనివ్వకండి. కాలిపోయిన ముక్కలో, దాన్ని మైక్రోస్కోపులో చూసే పాథాలజిస్టుకి ఏమీ కనబడదు. ముందు కోసి తీసి, ముక్క పాడవకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్ ద్రవం ఉన్న డబ్బాలో వేసి, పేరు, ఎక్కడి నుంచి తీశారో, ఎడమో కుడో రాసి బయాప్సీకి పంపమని నోరు తెరిచి అడగండి.