వెండి కణాలు చెరువులోకి దిగేదెప్పుడు?

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన టైమ్ అక్కడికే సరి. తిరుమల కొండ కింద నిలబడి చేపల గురించి ఏం మాట్లాడతారని ఇందాక ఒకాయన నవ్వారు. నాగలాపురం వెళ్ళి చూడండి సార్ అన్నాను. అక్కడ వేదనారాయణస్వామి మత్స్యరూపంలోనే ఉన్నాడు. నేను చెప్పబోయే చెరువు కూడా ఆ దాపులదే.

అంశం, చేపలకొచ్చే బ్యాక్టీరియా జబ్బులు, నానో కణాలు. నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. నానో కణాలు 1 నుంచి 100 నానోమీటర్ల లోపు ఉంటాయి. బ్యాక్టీరియా పొడవు అటూ ఇటూగా వెయ్యి నానోమీటర్లు. వెండి కణం నుంచి వచ్చే అయాన్లు బ్యాక్టీరియా పొరను దెబ్బతీస్తాయి, లోపలి ఎంజైములను పని చెయ్యనివ్వవు. ఇన్ని వైపుల నుంచి దెబ్బ పడుతుంది కాబట్టి యాంటీబయాటిక్‌కి మొండికేసిన రకాలు కూడా చాలావరకు లొంగుతాయి. అలాగని బ్యాక్టీరియా వెండికి ఎన్నటికీ అలవాటు పడదనుకోకండి.

కాగితంలో తర్వాత జింక్ ఆక్సైడు కణాల గురించి రాసుకొచ్చాను. అది పక్కన పెడతా. మా తమ్ముడి సంగతి చెప్పాలి.

వాడు, ఇంకో ముగ్గురు కలిసి చెరువును వేలంలో పాడుకున్నారు. బొచ్చె, శీలావతి పిల్లలను వదిలి, తవుడు, వేరుశనగ చెక్క మేపారు. వానలు వెనకబడి నీళ్ళు తగ్గాక చేపలు చావడం మొదలైంది. తెల్లవారుజామున నోళ్ళు తెరుచుకుని పైకి తేలితే గాలి చాలలేదనుకోవచ్చు. ఇవి పట్టపగలు చస్తున్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. పొట్ట ఉబ్బింది, పొలుసులు లేచి నిలబడ్డాయి, రెక్క మొదట్లో ఎర్రటి పుండు. నొక్కితే నెత్తురు కలిసిన నీరు కారింది. ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకితే సాధారణంగా ఇలాగే ఉంటుంది. ఖాయంగా తేల్చాలంటే మూత్రపిండం నుంచి నమూనా తీసి ల్యాబులో పెంచి చూడాలి. ఆ చెరువుగట్టు మీద నిలబడినవాడికి ల్యాబు ఎక్కడుంది? మందుల షాపుంది.

షాపాయన చెరువెంత, నీళ్ళెంత అని అడగలేదు. ఒక యాంటీబయాటిక్ డబ్బా, దాంతో పాటు 'నానో సిల్వర్' అని తళతళలాడే అక్షరాలున్న సీసా చేతిలో పెట్టాడు. సీసా మీద వెండి ఎంతుందో లేదు, కణం సైజు లేదు, మందు వాడాక ఎన్నాళ్ళకు చేప అమ్మొచ్చో లేదు. ధర మాత్రం ఉంది. "అన్నా, నువ్వు సైన్సు చదివినోడివి కదా, ఎంత పొయ్యమంటావు?" అన్నాడు మా వాడు. లోపలేముందో తెలియకుండా ఏం చెప్పను? వద్దన్నాను. టెన్షన్ తట్టుకోలేక భాగస్తుల్లో ఒకాయన రెండూ పోసేశాడు. చావులు ఆగలేదు. మిగిలినవి వల లాగి అయినకాడికి అమ్ముకున్నారు. వాటి ఒంట్లో యాంటీబయాటిక్ ఎంత మిగిలిందో ఏడుకొండలవాడికే తెలియాలి.

పిల్లలూ, బయట మీ పోస్టర్లన్నీ చూశాను. తులసి, వేపాకు కషాయం సిల్వర్ నైట్రేట్‌లో కలిపితే గోధుమరంగుకు తిరిగింది, కణాలు తయారయ్యాయి. బ్యాక్టీరియా పెంచిన పళ్ళెంలో ఆ కణాలు పెట్టిన చోట బ్యాక్టీరియా లేని వలయం, దానికి మిల్లీమీటర్ల లెక్క. బాగుంది. ఆ పళ్ళెంలో బురద ఉందా? నీళ్ళలో క్లోరైడు ఉంటే వెండి అయాను దాంతో కలిసి సిల్వర్ క్లోరైడుగా అడుక్కు దిగిపోతుంది. కుళ్ళిన ఆకుల నుంచి, పేడ నుంచి వచ్చే పదార్థాలు కణానికి పూతలా పట్టేస్తాయి. మిగిలిన వెండికి మంచీ చెడూ తెలియదు. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. అమ్మోనియా పెరిగితే మొప్పలు దెబ్బతింటాయి. ఆ వెండి కూడా మొప్పల్లో, కాలేయంలో చేరుతుంది. ఒక్క పోస్టరులోనైనా చెరువు నీళ్ళ మాటుందా? మీ మీద కోపం కాదమ్మా, మీకు ఆ పని చెప్పనివాళ్ళ మీద.

నన్నడిగితే వెండిని నీళ్ళలో పొయ్యడం కంటే టీకాను మేతలో పెట్టే దారి మేలు. రొయ్య పెంకు నుంచి కైటోసాన్ అనే పదార్థం తీస్తారు. మన బొచ్చెకు కడుపు సంచే ఉండదు, గొంతు దాటితే పేగే. టీకాను కైటోసాన్ నానో కణాల్లో దాచి మేతలో కలిపితే పేగులోని ఎంజైములకు పాడవకుండా కాపాడొచ్చు. ఇదేదో విదేశీ ముచ్చటనుకునేరు. చిత్తూరు దాటి వేలూరు పక్కన మేల్విషారంలో ఒక కాలేజీవాళ్ళు 2008లోనే పండుగప్ప మీద విబ్రియో అనే బ్యాక్టీరియా తెచ్చే జబ్బుకు ఇలా చేసి చూశారు, కొంతమేర రక్షణ దొరికింది. బొచ్చెకు, ఏరోమోనాస్‌కు మనం ఎందుకు చెయ్యకూడదు?

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట. గుమ్మం పక్కన రెండు క్యాన్ల చెరువు నీళ్ళు పెట్టాను. నిన్న సాయంత్రం పట్టినవి. కావలసినవాళ్ళు తీసుకెళ్ళి మీ కణాలు వాటిలో కలిపి చూడండి. వెండి పని చెయ్యకపోతే అదే పోస్టరు వెయ్యండి, దాన్ని కూడా నేనొచ్చి చదువుతా. క్యాన్లు మాత్రం తిరిగి ఇచ్చెయ్యాలి, మా తమ్ముడివి.