కిర్రుమంటే నూనె వేయకండి

అందరికీ నమస్కారం. మిన్నెసోటాలో మొదటి మంచు పడకముందే ఈ మాట చెప్పేయాలని వచ్చాను. ఇంకో నెలలో అందరం షెడ్డుల్లోంచి స్నోమొబైల్స్, అంటే మంచు మీద నడిపే బండ్లు, బయటికి తీస్తాం. స్టార్ట్ చేస్తే కొన్ని బండ్లు, థ్రాటిల్ మీద బొటనవేలు పెట్టకముందే ముందుకు పాకుతాయి. బెల్ట్ కీచుమంటుంది, రివర్స్ మొండికేస్తుంది. జోరుగా వెళ్లి ఆగాక మళ్లీ కదలమంటే ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. క్లచ్ బిగుసుకుపోయినప్పుడు కనిపించే లక్షణాలివి.

ఊళ్లో యాక్టివా నడిపినవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తేం కాదు. రెండు పుల్లీలు, మధ్యలో బెల్ట్. ముందు పుల్లీ క్రాంక్ షాఫ్ట్ మీదుంటుంది. ఇంజను వేగం పెరిగితే అందులోని వెయిట్స్ బయటికి విచ్చుకుని, పుల్లీ రెండు పలకల్లో కదిలేదాన్ని నెట్టి బెల్ట్‌ను నొక్కుతాయి. చాలా బండ్లలో 3500, 4000 ఆర్‌పీఎం దగ్గర ఆ పట్టు దొరుకుతుంది. వేగం తగ్గగానే స్ప్రింగ్ ఆ పలకను వెనక్కి తోసేయాలి. స్కూటర్‌కైతే వెనకాల విడిగా క్లచ్ ఉంటుంది. ఇక్కడ ముందు పుల్లీయే క్లచ్ కూడా. అందుకే పలక వెనక్కి రాకపోతే బండి నిలబడదు.

నా మొదటి చలికాలం సంగతి చెప్పాలి. తలుపు బందు కిర్రుమన్నా, కుట్టుమిషన్ బిగుసుకున్నా ఇంట్లో ఒకటే వైద్యం, నూనె చుక్క. ఆ అలవాటుతోనే క్లచ్‌లోనూ కొట్టాను. రెండు రోజులు అద్భుతం! తర్వాత బెల్ట్ అరిగిన నల్లపొడి నూనెలో కలిసి కాటుకలా ముద్ద కట్టింది. మిగతా నూనె పలకల మీదికి చిమ్మి, బెల్ట్ జారి కాలిపోయింది. అదీ గడ్డకట్టిన సరస్సు నడిమధ్యలో. తాడు కట్టి లాక్కొచ్చిన మిత్రుడు ఇప్పటికీ నన్ను 'నూనె డాక్టర్' అంటాడు. ఈ క్లచ్ పొడిగానే తిరగాలండీ.

ఇక వెతకడం. ఇంజను ఆపి, తాళం తీసి, చల్లారనివ్వండి. ముందు అనుమానించాల్సింది బెల్ట్‌ను. సైజు తేడా ఉన్నా, మరీ బిగువుగా ఉన్నా క్లచ్ తప్పేమీ లేకుండానే బండి పాకుతుంది. దాని మీది నంబర్ మాన్యువల్‌తో సరిపోయిందా చూడండి. అది సరిగ్గా ఉంటే బెల్ట్ తీసేసి వెనక పుల్లీని చేత్తో తిప్పుతూ తెరవండి. మెల్లగా వదిలితే ఎక్కడా ఆగకుండా మూసుకోవాలి. వేళ్లు మాత్రం జాగ్రత్త.

తర్వాత ముందు పుల్లీ. ఒక్కో వెయిట్‌ను వేలితో ఎత్తి వదలండి, దానంతటదే పడాలి. వెయిట్స్ ఆనే చిన్న చక్రాలు, అంటే రోలర్లను తిప్పండి. ఒకవైపు చదునుగా అరిగిందంటే దానికి కాలం చెల్లినట్టే. కదిలే పలకను పట్టుకుని అటూ ఇటూ ఊపితే లొడలొడమంటోందా? పలక జారడానికి లోపల ఉండే గొట్టాలు, అంటే బుష్‌లు పోయాయి. అలాంటప్పుడు ఎంత తుడిచినా నాలుగు రోజుల ముచ్చటే.

మురికి ఒక్కటే అయితే గాలి కొట్టి, బ్రేక్ క్లీనర్ తడిపిన గుడ్డతో తుడిచి, బెల్ట్ తగిలే ముఖాలను స్కాచ్-బ్రైట్‌తో రుద్దితే సరి. మాస్క్ పెట్టుకుని ఆరుబయట చేయండి. ఆ పొడి గొంతు పట్టేస్తుంది. ముందు పుల్లీ మూత విప్పాల్సి వస్తే లోపల స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది కాబట్టి, బోల్టులన్నీ వంతులవారీగా కొంచెం కొంచెం వదులు చేయాలి. విప్పే ముందు మూతకూ లోపలి భాగానికీ మార్కర్‌తో గీత పెట్టుకోండి. మళ్లీ బిగించేటప్పుడు ఆ గీతలు కలవకపోతే బ్యాలెన్స్ పోతుంది. అంతకంటే లోపలికి వెళ్లాలంటే ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. నేనైతే షాపుకే ఇస్తాను.

బెల్ట్ లేకుండా, గార్డ్ తీసి ఇంజను రేజ్ చేసి చూద్దామని మాత్రం అనుకోకండి. లోడ్ ఉండదు, వేగం ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఏదైనా ముక్క ఊడితే మీ కాళ్ల మీదికే వస్తుంది.

నా పాత క్లచ్ ఈ బల్ల మీద పెట్టాను. మూడు వెయిట్స్‌లో ఒకటి ఇంకా పట్టేస్తోంది. ఒక్కొక్కరూ వచ్చి అదేదో వేలితో కనిపెట్టండి.